జ్యామితి బొమ్మల ప్రింట్లు: ఆన్‌లైన్ సెట్టు తెప్పించాలా, కర్నూలులో కట్టించాలా?

పూలకుండీ బొమ్మో, జలపాతమో గోడకు తగిలిస్తే అంచు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ పోయినా కంటికి ఆనదు. నాలుగు చతురస్రాలు, ఒక వృత్తం, రెండు గీతలు తప్ప ఇంకేమీ లేని బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. గీత వంకర పోతే వంకరే కనిపిస్తుంది, నలుపులో మచ్చ పడితే ఆ మచ్చే బొమ్మవుతుంది. కాబట్టి ఇలాంటి నైరూప్య చిత్రాలకు డబ్బు పెట్టాల్సింది కోత మీద, కాగితం మీద, గోడకు దింపే మేకు మీద. కర్నూలు అపార్ట్‌మెంట్ల హాళ్ళలోకి ఇప్పుడు వస్తున్న మూడు ఫ్రేముల ఆన్‌లైన్ సెట్లను, అదే రకం బొమ్మను ఊళ్ళోనే ప్రింటు తీయించి ఫోటో ఫ్రేముల షాపులో కట్టించుకోవడాన్ని, కాన్వాసును ఈ లెక్కతోనే తూచాం.

ముందు ఆన్‌లైన్ సెట్టు. వెయ్యి, పదిహేను వందల లోపు దొరికేవాటిలో చాలావరకు తయారీ ఒకటే. ప్రింటును పలచని ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన) పలక మీద అంటించి, పైన ప్లాస్టిక్ లామినేషన్ వేసి, చుట్టూ సింథటిక్ బద్ద బిగిస్తారు. అద్దం ఉండదు కనుక కొరియర్‌లో పగలవు, బరువూ ఉండదు. ఆ మేరకు మెచ్చుకోవచ్చు. ఇబ్బంది లామినేషన్‌తోనే మొదలవుతుంది. ‘యూవీ టెక్స్చర్’ అని గొప్పగా రాసేది నిజానికి గరుకు అచ్చు వేసిన ప్లాస్టిక్ పొర. దేవుడి పటం మీద ఆ మెరుపు బాగానే ఉంటుంది. ఒకే రంగు నిండిన చదునైన ముక్క మీద ట్యూబ్‌లైటు పడితే మాత్రం చిన్న చిన్న చుక్కలుగా మెరిసి రంగును చంపేస్తుంది. వివరాల్లో టెక్స్చర్, స్పార్కిల్ అన్న మాటలు కనిపిస్తే ఈ రకం బొమ్మలకు వద్దనుకోవడమే మంచిది. మ్యాట్ అని ఉంటే చూడొచ్చు.

సైజు దగ్గర కూడా జాగ్రత్త. రాసిన కొలత చాలాసార్లు ఫ్రేముతో కలిపి ఉంటుంది. 10×13 అంగుళాల ఫ్రేములు మూడు, మధ్యలో రెండేసి అంగుళాల ఎడం అనుకుంటే మొత్తం వెడల్పు 34 అంగుళాలు. ఆరున్నర అడుగుల సోఫా అంటే 78 అంగుళాలు. సోఫా వెడల్పులో సగానికి కూడా రాని సెట్టు గోడ మీద తపాలా బిళ్ళల్లా ఉంటుంది. ప్రకటన ఫోటోలో నిండుగా కనిపించడానికి కారణం, ఆ గదీ ఆ సోఫా కంప్యూటర్‌లో పెట్టినవి కావడమే. సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు, అంటే 52 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి.

ఎక్కువ సెట్లు ఓడిపోయేది వృత్తం దగ్గర. ఒకే బొమ్మను నాలుగైదు సైజుల్లో అమ్మడానికి ఫైలును సాగదీస్తారు. 4:5 నిష్పత్తిలో గీసినదాన్ని 2:3లోకి లాగితే వృత్తం ఇరవై శాతం పొడుగై కోడిగుడ్డవుతుంది. కొండల బొమ్మలో ఇది ఎవరికీ తెలియదు. డబ్బా విప్పగానే స్కేలు తీసుకుని వృత్తాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. మిల్లీమీటరు కంటే తేడా ఉంటే వెనక్కి పంపండి. తర్వాత నాలుగు వైపులా మార్జిన్ కొలవండి. ఎడమ 12 మిల్లీమీటర్లు, కుడి 8 ఉంటే కోత జరిగిపోయినట్టు. దీన్ని సరిచేసే దారి లేదు, ఎందుకంటే కాగితం చెక్కకు అంటుకుని ఉంది.

ఒకే చాపం మూడు ఫ్రేముల గుండా సాగే డిజైన్లలో ఇంకో మెలిక ఉంది. బద్ద లోపలి అంచు బొమ్మను ప్రతి పక్కా ఐదారు మిల్లీమీటర్లు కప్పేస్తుంది. దానికి బద్ద వెడల్పు, ఫ్రేముల మధ్య ఎడం కలిస్తే ఒక బొమ్మకూ పక్క బొమ్మకూ నడుమ మూడు అంగుళాల పైన ఖాళీ పడుతుంది. బొమ్మను మూడు ముక్కలుగా కోసి ఊరుకుంటే, 45 డిగ్రీల వాలుగీత పక్క ఫ్రేములో సరిగ్గా ఆ ఖాళీ అంత పైకో కిందికో జరిగి మెట్టులా కనిపిస్తుంది. గీసినవారు ఆ ఖాళీ వెనక కూడా గీత ఉన్నట్టు లెక్కవేసి, ఆ ముక్కను వదిలేసి ఉండాలి. కిటికీ ఊచల వెనక కొమ్మ సాగినట్టు. చవక సెట్లలో ఈ లెక్క దాదాపుగా ఉండదు. అతుక్కునే డిజైన్ల జోలికి పోకుండా, ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము నిండుగా ఉన్న సెట్టు తీసుకుంటే ఈ గొడవ లేదు.

ఎండీఎఫ్ గురించి ఒక్క మాట. మే నెలలో కర్నూలు ఎండకు అది బాగానే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో చెమ్మ పట్టే గోడకు ఆనిస్తే అంచులు ఉబ్బుతాయి, మూలల దగ్గర లామినేషన్ లేస్తుంది. బాత్‌రూమ్‌కు అవతలి గోడ ఇందుకు పనికిరాదు.

ఇక ఊళ్ళో కట్టించుకోవడం. కర్నూలు, కడప, అనంతపురం, మూడింటిలోనూ పనికి కావాల్సిన రెండు చోట్లు దొరుకుతాయి: పెళ్ళి శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే డిజిటల్ ప్రెస్ ఒకటి, దేవుడి పటాలు కట్టే ఫ్రేముల షాపు ఒకటి. ఇద్దరికీ తమ పని వచ్చు. ఈ రకం బొమ్మ అలవాటు లేదు, అంతే. ఏం కావాలో కొలతలతో చెబితే ఆన్‌లైన్ సెట్టు కంటే రెండింతలు మేలైన సరుకు వస్తుంది. ఖర్చు కూడా ఎక్కువే అవుతుంది, అందులో సందేహం లేదు.

ఫైలు దగ్గరే సగం పని. వాట్సాప్‌లో హెచ్‌డీ ఎంచుకోకుండా మామూలు ఫోటోగా పంపితే పొడుగు వైపు పదహారు వందల పిక్సెళ్ళ దగ్గరికి కుదించేస్తుంది. దాన్ని 18 అంగుళాల కాగితం మీద వేస్తే అంగుళానికి తొంభై పిక్సెళ్ళు కూడా రావు. వాలుగీతలు రంపపు పళ్ళలా, అంచుల చుట్టూ దుమ్ము చల్లినట్టు వస్తాయి. ప్రెస్సుల్లో మామూలుగా దొరికే 12×18 అంగుళాల షీటుకు 3600×5400 పిక్సెళ్ళ ఫైలు ఉండాలి. గీతల బొమ్మే కనుక వెక్టర్ పీడీఎఫ్ (పిక్సెళ్ళుగా కాక గీతలను లెక్కలుగా దాచే ఫైలు) అయితే ఏ సైజుకైనా చెక్కుచెదరదు. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా పంపండి.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఆర్ట్ కార్డు, మ్యాట్‌ది అడగండి. లామినేషన్ వద్దని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే అలవాటు కొద్దీ వేసేస్తారు, మ్యాట్ లామినేషన్ కింద నలుపు బూడిదగా మారుతుంది. నలుపుకు ఇంకో చిట్కా ఉంది. ఒక్క నల్ల టోనరుతో వేసిన పెద్ద నల్ల చతురస్రం కాటుకలా ఉండదు, పలకలా వెలిసినట్టు ఉంటుంది. పెద్ద నల్లటి ముక్కలకు సి 60, ఎం 40, వై 40, కె 100 (వరసగా నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాల శాతాలు) అని పెట్టించండి. రెండు మిల్లీమీటర్ల లోపు సన్నగీతలకు మాత్రం కె 100 ఒక్కటే ఉండాలి. లేకపోతే నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక గీతకు ఒకపక్క ఎర్ర నీడ, ఇంకోపక్క నీలి నీడ పడుతుంది.

తెర మీద మెరిసే నీలం కాగితం మీదకు వచ్చేసరికి వంకాయ రంగుకు తిరుగుతుంది, నారింజ మసకబారుతుంది. ప్రెస్ అతని తప్పేమీ లేదు, ఆ మెరుపు సిరాల్లో లేదు. నీలంలో ఎం విలువను సి విలువకు కనీసం ముప్పై తక్కువగా ఉంచితే ఊదాకు పోకుండా నిలుస్తుంది. మూడు షీట్లూ ఒకేసారి వేయించే ముందు ఒక్కటి తీయించి బయట పగటి వెలుతురులో చూడండి. పెద్ద ఒకే రంగు ముక్కలో అడ్డచారలు కనిపిస్తే షీటును తొంభై డిగ్రీలు తిప్పి వేయమనండి, లేదా ఫైలులో ఆ రంగుకు కంటికి తెలియనంత సన్నని ఇసుక రేణువులు కలపండి. చార మాయమవుతుంది.

అలాగని ఫ్లెక్సు షాపుకు మాత్రం వెళ్ళకండి. పది అడుగుల దూరం నుంచి చూడ్డానికి పుట్టిన ప్రింటు అది.

ఫ్రేము షాపులో చెప్పాల్సిన కొలతలు ఇవి: ప్రింటు 12×18, చుట్టూ రెండు అంగుళాల తెల్ల మౌంటు (బొమ్మ కనిపించేలా నడుమ కోసిన అట్ట), ముప్పావు అంగుళం వెడల్పున్న సాదా నల్ల బద్ద. అప్పుడు ఒక్కో ఫ్రేము బయటి కొలత దాదాపు 17×23 వస్తుంది. మూడింటికీ రెండేసి అంగుళాల ఎడం ఇస్తే 55 అంగుళాలు, ఆరున్నర అడుగుల సోఫాకు సరిపోతుంది. బంగారు పూల బద్ద చూపిస్తారు, వద్దనండి. బద్దకు అడుగుల లెక్కన ధర కడతారు. ఒక్కో ఫ్రేముకు మూలల కోతతో కలిపి ఏడు అడుగులు పడుతుంది. మూడింటికీ కడ్డీలు ఒకే లాటులోవి తీయమనండి, నలుపులో కూడా తేడాలుంటాయి.

మూలల దగ్గర అసలు పరీక్ష. ఒక ఫ్రేముకు ఎనిమిది కోతలు. కోత యంత్రం అర డిగ్రీ తప్పితే ఎనిమిదికీ కలిపి నాలుగు డిగ్రీలు, ఆ మొత్తం చివరి మూలలో సందుగా తేలుతుంది. దాన్ని మైనంతోనో నల్ల పెన్నుతోనో పూడ్చి ఇస్తారు. డెలివరీ తీసుకునే ముందు రెండు పనులు చేయండి. ఫ్రేము వెనక్కి తిప్పి మూలలు చూడండి, అక్కడ ఎవరూ పూత పూయరు. తర్వాత టేపుతో ఒక మూల నుంచి ఎదుటి మూలకు, మళ్ళీ రెండో జతకు కొలవండి. రెండు కర్ణాలూ సమానమైతేనే అది దీర్ఘచతురస్రం. మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే లోపలి గీతలు బద్దకు సమాంతరంగా ఉండవు, ఎంత సరిచేసి వేలాడదీసినా బొమ్మ పక్కకు ఒరిగినట్టే ఉంటుంది.

ప్రింటును ఫెవికాల్‌తో అట్టకు పూర్తిగా అంటించడం ఈ షాపుల్లో మామూలు. ఇదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. కాగితం ఎండలో ముడుచుకుంటుంది, వానల్లో సాగుతుంది. అంటించేస్తే కదలడానికి చోటు లేక అలలు లేస్తుంది. వెలుతురు పక్కనుంచి పడగానే ఆ అలలన్నీ లెక్కపెట్టొచ్చు. పైఅంచున రెండు చోట్ల కాగితపు టేపుతో వేలాడేలా కట్టి, కింద వదిలేయమనండి. మౌంటు తప్పనిసరి అనడానికి కారణం అందమొక్కటే అనుకోవద్దు. అది అద్దానికీ ప్రింటుకూ నడుమ సందు ఉంచుతుంది. లేకపోతే ఒకటి రెండు వానాకాలాలకు ప్రింటు అద్దానికి అతుక్కుని, విప్పితే రంగు ఊడొస్తుంది. మౌంటు బోర్డు యాసిడ్ లేనిది దొరికితే సరే. మామూలు అట్ట అయితే కొన్నేళ్ళకు మౌంటు లోపలి అంచున గోధుమ రంగు గీత దిగుతుంది.

అద్దం 2 మిల్లీమీటర్లది చాలు. చదరపు మీటరుకు ఐదు కిలోల లెక్కన ఈ సైజు ఫ్రేముకు కిలో పైచిలుకు బరువు. రెండు అడుగులు, మూడు అడుగుల ఫ్రేముకైతే అద్దమే మూడు కిలోల దగ్గర తూగుతుంది, అక్కడ ఆక్రిలిక్ షీటుకు మారడం మేలు. ఆక్రిలిక్‌ను పొడిగుడ్డతో తుడవకండి. ఇక్కడి దుమ్ములో ఇసుక ఉంటుంది, సన్నగీతలు పడతాయి. వెనక చుట్టూ గోధుమ రంగు టేపు వేయించడం మరిచిపోవద్దు. దుమ్ము, సిల్వర్ ఫిష్ పురుగు లోపలికి పోయేది ఆ సందుల్లోంచే.

కాన్వాసు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నేత కళ్ళు మిల్లీమీటరు గీతను ముక్కలు చేస్తాయి. చెక్క చట్రం మీద లాగి బిగించేటప్పుడు ఒకపక్క ఎక్కువ లాగితే నిటారు గీత విల్లులా వంగుతుంది. కాలం గడిచేకొద్దీ వదులై బొజ్జ పడుతుంది. వెడల్పాటి రంగుల ముక్కలు, మెత్తటి అంచులు ఉన్న బొమ్మకైతే కాన్వాసు నిండుతనం ఇస్తుంది. అంచుల కోసం నాలుగు పక్కలా రెండేసి అంగుళాల అదనపు బొమ్మ ఉందో లేదో అడగండి. లేకపోతే ముందున్న బొమ్మే పక్కకు మడతపడుతుంది.

ఏ బొమ్మ ఎంచుకోవాలన్నది ప్రింటు నాణ్యతతో ముడిపడిన సంగతే. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో వేసిన వలయాల చతురస్రాలు అసలు కాగితం మీద వేసిన నీటి రంగులు, దాదాపు 24×31 సెంటీమీటర్లే. అంచులు చెమ్మగా, చేత్తో గీసినట్టు ఉంటాయి కనుక ప్రింటులో చిన్న లోపాలను అది కడుపులో దాచుకుంటుంది. మొదటిసారి వేయించేవారికి ఇదే తేలిక. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మల్లో నల్లగీతలన్నీ ఒకే మందం ఉండవు. అన్నీ ఒకే మందంతో కనిపిస్తే ఎవరో కంప్యూటర్‌లో తిరగగీసిందని అర్థం. నైరూప్య చిత్రకారుడు మలేవిచ్ 1915 నాటి నల్ల చతురస్రం 79.5 సెంటీమీటర్ల కాన్వాసు, అందులోని చతురస్రం కూడా కొలిచి గీసినది కాదు, అంచులు కచ్చితంగా సమాంతరంగా ఉండవు, నలుపు నిండా పగుళ్ళు. ఆ పగుళ్ళు కనబడని ‘బ్లాక్ స్క్వేర్’ ప్రింటు కొనడం కంటే ఒక నల్ల చార్టు కొనడం చవక. పెత్రోగ్రాద్ ప్రదర్శనలో ఆయన దాన్ని గది మూలన, పైకప్పు కింద, రష్యన్లు ఇళ్ళలో దేవుడి పటం పెట్టుకునే చోట పెట్టాడు. మన ఇళ్ళలో దేవుడి మూలలో దాన్ని పెడితే పెద్దవాళ్ళు ఊరుకుంటారా అన్నది వేరే విషయం, కానీ ఆ బొమ్మ ఎందుకంత గొడవ లేపిందో మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జర్మన్-అమెరికన్ చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ చతురస్రాలు అన్నిటికంటే కఠినం. 1950 నుంచి 1976లో చనిపోయేదాకా ఆయన ఒకదానిలో ఒకటి ఒదిగిన చతురస్రాలు వేస్తూనే ఉన్నాడు. అవి మధ్యలో ఉండవు, కిందికి దిగి ఉంటాయి: కింద ఒక వంతు, పక్కల రెండు, పైన మూడు వంతుల ఖాళీ. ప్రింటును స్కేలుతో కొలిస్తే అసలుకు దగ్గరో కాదో తెలిసిపోతుంది. పక్కపక్క రంగుల మధ్య తేడా పిసరంతే ఉంటుంది కనుక సాదా డిజిటల్ ప్రెస్‌లో రెండు చతురస్రాలు కలిసిపోయే ప్రమాదం ఉంది. పైగా హక్కులు. మన దేశంలో చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. 1935లో పోయిన మలేవిచ్, 1944లో పోయిన మోండ్రియాన్, కాండిన్‌స్కీ బొమ్మలను నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. ఆల్బర్స్‌వి 2036 దాటాలి. 2016లో పోయిన మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా ‘బిందువు’ బొమ్మలను అనుమతి లేకుండా ప్రింటు వేసి అమ్మేవారి దగ్గర కొనకపోవడమే మర్యాద. ‘బౌహౌస్’ అని పెద్ద అక్షరాలు, కింద ఏదో ఒక సంవత్సరం ఉన్న పోస్టర్లు ఇంకో రకం. జర్మనీలోని ఆ కళల బడి నడిచింది 1919 నుంచి 1933 వరకే. 1940, 1955 అని వేసిన పోస్టరును చూసి నవ్వుకుని వదిలేయండి.

ఇక కాన్సెప్చువల్ ఆర్ట్ (బొమ్మ కంటే దాని వెనక ఆలోచనే అసలు కళ అనే పద్ధతి) పేరుతో అమ్మే ప్రింట్లు. ఇక్కడ మా అభిప్రాయం సూటిగా: కొనకండి. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1968 నుంచి చేసిన గోడ చిత్రాల్లో అమ్మకానికి ఉండేది బొమ్మ కాదు, ఎలా గీయాలో చెప్పే సూచనల కాగితం. కొన్నవారి గోడ మీద వేరేవాళ్ళు గీస్తారు, గోడ మారితే సున్నం కొట్టేసి కొత్తచోట మళ్ళీ గీస్తారు. అలాంటిదాన్ని ఫోటో తీసి కాన్వాసు మీద వేస్తే మిగిలేది పెళ్ళి విందు తాలూకు ఫోటోయే, విందు కాదు. ఈ పద్ధతి మనకు కొత్తా? ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకు’ అని ధనుర్మాసంలో పత్రికలు అచ్చువేసేది అచ్చంగా ఇదే. ఒక్క లైను చదివి కడపలో ఒకరు, ఆదోనిలో ఒకరు ఒకే చుక్కల మీద ముగ్గు వేస్తారు, పొద్దున కళ్ళాపి చల్లితే పోతుంది, మర్నాడు మళ్ళీ వేస్తారు.

గోడకు ఆ ముగ్గునే ఎక్కించొచ్చు, ప్రింటు ఖర్చు కూడా ఉండదు. ఆ సూచనకు మొత్తం 169 చుక్కలు. చుక్కకూ చుక్కకూ 3 అంగుళాలు పెడితే నడి వరుస 42 అంగుళాలు వస్తుంది. నేల మీద కంటి అంచనాతో సరిపోయేది గోడ మీద సరిపోదు, కాబట్టి వరుసకూ వరుసకూ 2.6 అంగుళాలు కొలిచి పెట్టండి, అప్పుడే త్రిభుజాలు సమంగా వస్తాయి. పదిహేను వరుసలకు ఎత్తు 36 అంగుళాల పైచిలుకు. వడ్రంగులు దారం కొట్టినట్టు సుద్ద దారంతో గీతలు కొట్టి, పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, ఆ చుక్కలను కలిపే తిన్నని గీతల నక్షత్రానికి మాస్కింగ్ టేపుతో అంచులు కట్టండి. టేపు అంచున ముందు గోడ రంగునే ఒక పూత వేయండి. సందుల్లోకి కారేది ఆ రంగే కనుక కనిపించదు, దాని మీద వేసే రంగు కత్తితో కోసినట్టు వస్తుంది. ఎమల్షన్ రెండు పూతలు, రెండోది పూర్తిగా ఆరకముందే టేపు వాలుగా లాగేయాలి. మే నెలలో టేపును రాత్రంతా వదిలేస్తే జిగురు గోడకు కాలిపోయినట్టు పట్టేస్తుంది. పాత టౌనులోని సున్నం గోడల మీద ఈ పని కుదరదు, టేపుతో పాటు సున్నమూ ఊడొస్తుంది. ఆ గోడలకు అతుక్కునే స్ట్రిప్పులతో ఫ్రేములు పెట్టడం కూడా అందుకే దండగ.

వేలాడదీయడానికి రసమట్టం కావాలి. ఫోనులోని మట్టం యాప్ పొట్టిగా ఉంటుంది, మూడు ఫ్రేముల మీద తప్పు పెరిగిపోతుంది. తాపీమేస్త్రీ దగ్గర రెండు అడుగులది అడిగి తెచ్చుకోండి. బొమ్మ నడిమధ్య నేల నుంచి 57, 58 అంగుళాల ఎత్తున ఉండాలి. దివాను, చాప మీద కూర్చునే ఇంట్లో ఇంకో నాలుగైదు అంగుళాలు దించొచ్చు. సోఫా వీపుకూ ఫ్రేము కింది అంచుకూ నడుమ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. ఒక్కో ఫ్రేముకు ఒక్క మేకు చాలదు. తలుపు దబాలున వేసినప్పుడల్లా ఒరుగుతుంది. రెండు స్క్రూలు, ఒకే మట్టంలో, ఫ్రేము వెడల్పులో మూడో వంతు ఎడంతో పెట్టండి. 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు, అదే సైజు ప్లాస్టిక్ ప్లగ్గు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా తూటు వేయకండి, కరెంటు పైపు అక్కడే పోతుంది. రాయి, మట్టితో కట్టిన పాత మిద్దెల్లో డ్రిల్లు రాయికి తగిలి పక్కకు జారుతుంది, లేదా మట్టి సందులో పడి ప్లగ్గు తిరుగుతుంది. అక్కడ గోడకు ఒక సన్న చెక్కబద్ద అడ్డంగా బిగించి, బొమ్మలు దానికే తగిలించండి.

పడమటి కిటికీకి ఎదురుగా పెడితే మొదట గులాబీ, పసుపు వెలుస్తాయి, ఎరుపు ఇటుక రంగవుతుంది. ఎదుటి గోడ మీద ట్యూబ్‌లైటు ఉంటే నల్ల చతురస్రంలో బొమ్మకు బదులు ట్యూబ్‌లైటే కనిపిస్తుంది, ఫ్రేము పైఅంచు వెనక చిన్న రబ్బరు బుడిపెలు అంటించి కాస్త ముందుకు వాల్చితే ఆ ప్రతిబింబం కిందికి జారిపోతుంది. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద ఎరుపు చచ్చుబడుతుంది, 4000 బల్బు వేసి చూడండి. రంగు వెలిసిన నాడు ఫ్రేము పారేయక్కర్లేదు. వెనక టేపు కోసి, మేకులు వంచి, కొత్త షీటును పాత మౌంటులోనే వేలాడదీస్తే వంద రూపాయల లోపు పని, అంటించిన ఎండీఎఫ్ సెట్టులో ఆ వీలు లేదు.